నాలుగింటికి గడువు

సోమవారం ఉదయం పదింబావుకి ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. లోపల రేవు రాడార్ ఇంజనీరు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చేతిలో కాఫీ కప్పు అలాగే ఉంది, చుక్క కూడా ఒలకలేదు. చొక్కా జేబు పక్కన చిన్న రంధ్రం ఉంది.

ఆ రాడార్ గుట్టు పూర్తిగా తెలిసినవాళ్ళు ఇద్దరే. రెండో ఇంజనీరు ఈ వార్త వినగానే ఫోన్ స్విచ్చాఫ్ చేసి, కట్టుకున్న భార్యకి కూడా చెప్పకుండా మాయమయ్యాడు.

"విదేశీ ముఠా అతని కోసం వెతుకుతోంది. మనమూ వెతుకుతున్నాం," అన్నాడు గూఢచారి విభాగం చీఫ్, బుధవారం మధ్యాహ్నం తన సీనియర్ ఏజెంట్‌తో. "మనం ముందు దొరకబుచ్చుకోవాలి. ప్రాణాలతో."

"ఎక్కడ దాక్కుని ఉంటాడు?"

"బంధువుల దగ్గరే. లిస్టు ఇదిగో. పందొమ్మిది మంది."

"మన మనుషులు?"

"నలుగురు. ఇద్దరికి జ్వరం."

ఏజెంట్ నిట్టూర్చాడు. లిస్టు అందుకుని చెయ్యి చాపినంత దూరం పెట్టి చదివాడు. వయసు యాభై నాలుగు, సర్వీసు ఇరవై ఏడేళ్ళు. మోకాలిలో ఒక పాత బుల్లెట్ ముక్క, సొరుగులో మూడుసార్లు తిరిగొచ్చిన సెలవు దరఖాస్తు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని గ్రంథం అంటారు. రెండేళ్ళుగా అతను వేస్తున్న వేషం రిటైర్డ్ లైబ్రేరియన్‌ది.

ఆ వేషం ఏ క్లబ్బులోనో తిరగడానికి కాదు. 'చిక్కుముడి' అనే ఆన్‌లైన్ గ్రూపు కోసం. నాలుగు వందల మంది సభ్యులు, రోజుకో పొడుపు కథ. ముఠాలో పైకి కొరియర్‌గా, లోపల మన మనిషిగా ఉన్న ఒక అందగత్తెకి ఆ గ్రూపంటే పిచ్చి. ఆమె కోడ్‌నేమ్ నెమలి. ఆమె ఫోన్‌ని ముఠా కాపలావాడు గంటకోసారి తీసి చూస్తాడు. పొడుపు కథలు మాత్రం ఆడదాని కాలక్షేపం అనుకుని వదిలేస్తాడు. వాడికి మన భాష బాగానే వచ్చు, బుర్రే తక్కువ. కాబట్టి నెమలి కబురు పంపాలంటే దారి అదొక్కటే.

సరిగ్గా రెండూ ఇరవైకి ఫోన్ కుయ్‌మంది. నెమలి పోస్టు.

*మా అమ్మమ్మ అడిగింది:*
*ఇక్కడ అందరూ తప్పుగా చదువుతారు, ఎవరూ తిట్టరు.*
*పెద్దవాళ్ళు పైన, చిన్నవాళ్ళు కింద. పైవాళ్ళని ఎవరైనా గుర్తుపడతారు.*
*కిందవాళ్ళని కూడా గుర్తుపట్టేవాడికి ఇక్కడ పనేలేదు.*
*ఏమిటీ చోటు? గడువు నాలుగు గంటలకి.*

గ్రంథం వీపు నిటారైంది. 'అమ్మమ్మ అడిగింది' అంటే ప్రాణం మీదికొచ్చిందని కోడ్. పైగా చిక్కుముడిలో ఏ ప్రశ్నకైనా గడువు మర్నాటి దాకా ఉంటుంది. గంటా నలభై నిమిషాల గడువు ఎవరూ పెట్టరు.

"ఇంజనీరు ఎక్కడున్నాడో వాళ్ళకి తెలిసిపోయింది. నాలుగింటికి చంపుతారు," అన్నాడు.

చీఫ్ ప్రశ్నని ఎనాలిసిస్ సెక్షన్‌కి పంపాడు. పది నిమిషాల్లో కంప్యూటర్ తేల్చేసింది: ప్రింటింగ్ ప్రెస్. పెద్దక్షరాలు పైన, చిన్నక్షరాలు కింద. లిస్టులో పదో నంబరు, ఇంజనీరు పెదనాన్న కొడుకు, ప్రెస్ నడుపుతున్నాడు.

"మిగిలిన ఇద్దరినీ అక్కడికి పంపుతున్నా," చీఫ్ లేచాడు.

"ప్రెస్‌లో తప్పు చదివితే తిట్టరా సార్? ప్రూఫ్‌రీడర్‌ని అడిగి చూడండి, కన్నీళ్ళు పెట్టుకుంటాడు."

"నీ దగ్గర ఇంతకంటే మంచి జవాబుందా?"

లేదు. గ్రంథం డ్రైవర్ని పిలిచి, కారులో కూర్చుని, గ్రూపు తెరిచాడు.

అప్పటికే నలుగురు 'విప్పాను' అని పెట్టేశారు. అంతకుమించి ఒక్క ముక్క లేదు, ఉండదు కూడా. గ్రూపు కట్టుబాటు అది. జవాబు తెలిసినవాళ్ళు 'విప్పాను' అని మాత్రమే రాయాలి. గడువు దాటేదాకా జవాబు బయటపెట్టకూడదు. తెలియనివాళ్ళు తమ ఊహ రాయవచ్చు. అది తప్పయితే తెలిసినవాళ్ళు ఎందుకు తప్పో చెబుతారు, కావాలంటే సూచన ఇస్తారు. అలా అందరూ కలిసి చివరివాడిని కూడా ఒడ్డుకి చేర్చాలి. గ్రూపు అడ్మిన్ నర్సక్క, రిటైరైన హెడ్ నర్సు. వార్డుని నడిపినట్టే గ్రూపుని నడుపుతుంది.

*గ్రూప్ ఫోటో!* అని రాశాడు కండక్టర్ బాబాయ్. నలభై ఏళ్ళు బస్సులో టికెట్లు కొట్టిన మనిషి. *పొడుగువాళ్ళు పైన, పొట్టివాళ్ళు కింద!*

*ఫోటోని చదువుతారా బాబాయ్?* నర్సక్క అడిగింది. *పైగా అది చోటు కాదు.*

గ్రంథం నర్సక్కకి విడిగా మెసేజ్ పెట్టాడు. *అక్కా, జవాబు చెప్పెయ్యండి. ఒక మనిషి ప్రాణం దీని మీద ఉంది.*

*నిరుడు తాళం ప్రశ్నకి గుండె ఆగిపోతోంది అన్నారు. మొన్న తేనెపట్టు ప్రశ్నకి, ఇంట్లోవాళ్ళు అంబులెన్స్ పిలుస్తున్నారు అన్నారు.*

*ఈసారి నిజం.*

*ప్రతిసారీ నిజమే కదా తమ్ముడూ. రూలు రూలే. సూచన కావాలంటే గ్రూపులో అడగండి.*

తప్పు తనదే. ఆ ప్రశ్నలకి నిజంగానే ఓపిక చాలక నోటికొచ్చింది వాగాడు. ఫోన్ చేసి అసలు సంగతి చెప్పేద్దామా అనిపించింది. చెబితే నెమలి పని అయిపోతుంది. అసలు ఏజెంటుననే చెప్పినా ఆవిడ నమ్మదు.

గంట మూడూ పది. కారు రోడ్డు మీద ఎటూ పోకుండా నిలబడి ఉంది. డ్రైవర్ అద్దంలోంచి చూస్తున్నాడు. గ్రంథానికి ఒక్కసారిగా విసుగూ దుఃఖమూ కలిసి వచ్చాయి. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో మారువేషాలూ మైక్రోఫిల్ములూ ఉంటాయని సంబరపడ్డాడు. ఇప్పుడు ఒక మనిషి బతకడం, చావడం ఒక పొడుపు కథకి వేలాడుతోంది. తన బుర్రేమో తడిసిన అగ్గిపుల్లలా ఉంది.

అంతలో కండక్టర్ బాబాయ్ అరిచినంత పని చేశాడు. *విప్పాను! విప్పాను! పాపం మన లైబ్రేరియన్‌గారు కొట్టుకుంటున్నారు. చెప్పేస్తున్నా!*

*టైపింగ్* అని కనిపిస్తోంది. జవాబు గ్రూపులో పడితే కాపలావాడు చూస్తాడు. ఎంత మట్టిబుర్రకైనా, తాము వెళ్ళబోయే చోటి పేరు నెమలి ప్రశ్న కింద కనిపిస్తే లైటు వెలుగుతుంది.

*వద్దు బాబాయ్! రూలు రూలే!* అని ఆదరాబాదరాగా కొట్టాడు.

రెండేళ్ళుగా 'చెప్పేయండి బాబూ' అని ప్రాణం తీసిన మనిషి నోట ఈ మాట ఎవరూ ఊహించలేదు.

*ఒంట్లో బాగానే ఉందా?* అంది నర్సక్క. *సరే, ఇంత బుద్ధి వచ్చింది కాబట్టి మంచి సూచన ఇస్తాను. ఇప్పుడు ఈ మెసేజ్‌ని ఫోన్ ఎంత దూరం పెట్టి చదువుతున్నారు?*

గ్రంథం తన చేతికేసి చూసుకున్నాడు. మోచెయ్యి తిన్నగా చాచి ఉంది. ఫోన్ దాదాపు డ్రైవర్ చెవి దగ్గర ఉంది.

'కళ్ళు చూపించుకోండి, చూపించుకోండి' అని భార్య ఏడాదిగా పోరుతోంది. మూడుసార్లు అపాయింట్‌మెంట్ తీసుకుంది. మూడుసార్లూ ఏదో డ్యూటీ అడ్డొచ్చింది. ఒక్కసారి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని ఉంటే, గోడ మీది అక్షరాల పట్టిక చూసి ఉంటే, ఈ జవాబు రెండూ ఇరవై ఒకటికే వచ్చేది.

"లిస్టులో కళ్ళజోళ్ళ షాపు ఉందా?" డ్రైవర్ మీదికి కాగితం విసిరాడు. "నాకు కనిపించి చావడం లేదు."

"పధ్నాలుగో నంబరు సార్. ఇంజనీరు బావమరిదిది."

"పోనీ. ఫుట్‌పాత్ ఎక్కించినా సరే."

*విప్పాను,* అని గ్రూపులో రాశాడు. చీఫ్‌కి ఫోన్ చేశాడు. ప్రెస్ నుంచి మనుషులు రావడానికి ముప్పావుగంట పడుతుందని తేలింది.

మూడూ నలభై ఆరుకి షాపు ముందు దిగాడు. ఎదురుగా నల్ల కారు ఆగి ఉంది. స్టీరింగ్ దగ్గర మందపు మెడ కాపలావాడు, పక్క సీట్లో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నెమలి. ఆమె లిప్‌స్టిక్ సరిచేసుకుంటూ అద్దంలోనే అతన్ని చూసింది. అంతకు మించి చెయ్యడానికి ఆమెకి వీల్లేదు.

షాపు ఇరుకుగా ఉంది. గోడల నిండా ఫ్రేములు, లోపల ఒక పరీక్ష కుర్చీ, దాని ఎదురుగా వెలిగే అక్షరాల పట్టిక. పట్టిక పక్కన తెల్లకోటు వేసుకుని, చిన్న కర్ర పట్టుకుని, చెమటలు కక్కుతూ నిలబడ్డవాడు ఇంజనీరు. బావమరిది అతన్ని అసిస్టెంటుగా దాచాడన్నమాట. బెంచీ మీద ముగ్గురు: ఒక ముసలాయన, సంచీ పట్టుకున్న ఒకావిడ, ఒక బూడిద రంగు చొక్కా మనిషి. ముగ్గురి ఒళ్ళోనూ ఏదో ఒకటి ఉంది. హంతకుడు ఎవరో తెలియదు. మొహాలు చదువుదామంటే మసక, ఈ మధ్య దూరానివి కూడా సరిగా ఆనడం లేదు.

గ్రంథం నాలుగోవాడిగా కూర్చున్నాడు. జేబులో మత్తుసూది పెన్ను ఉంది. అది ఒక్కసారే పనిచేస్తుంది.

ముసలాయన కుర్చీ ఎక్కాడు. రెండో వరుసలోనే తడబడ్డాడు. సంచీ ఆవిడ నాలుగో వరుస దాకా వెళ్ళి, ఒక అక్షరానికి మూడు పేర్లు పెట్టి నవ్వేసింది. బావమరిది వాళ్ళిద్దరినీ ఫ్రేములు చూసుకోమన్నాడు. గంట మూడూ యాభై ఏడు.

బూడిద చొక్కా కూర్చున్నాడు, ఒళ్ళో మడిచిన పేపరుతో సహా. ఇంజనీరు కర్రతో పై అక్షరం చూపించాడు. అతను చదివాడు. రెండో వరుస, మూడు, నాలుగు. ఎక్కడా ఆగలేదు. గురి చూసి బతికేవాడికి తన కళ్ళంటే గర్వం ఉంటుంది కాబోలు, ఎవరూ అడగకుండానే అట్టడుగు వరుస కూడా గడగడా అప్పజెప్పాడు.

కిందవాళ్ళని కూడా గుర్తుపట్టేవాడికి ఇక్కడ పనేలేదు.

సరిగ్గా నాలుగింటికి బయట నల్ల కారు హారన్ మోగింది. పేపరు మడత కదిలింది. గ్రంథం మోకాలి నొప్పి మరిచి లేచి, ఆ మెడలో పెన్ను గుచ్చాడు. తుపాకీ పేలింది. గుండు పట్టికలో పెద్ద అక్షరానికి తగిలి, దీపం ఆరిపోయింది. బూడిద చొక్కా కుర్చీలోంచి మెల్లగా జారాడు. ఇంజనీరు కర్ర వదిలేసి నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గ్రంథం అతని భుజం పట్టుకుని, "ఇంటికి ఫోన్ చెయ్యి. మీ ఆవిడ రెండు రోజులుగా నిద్రపోలేదు," అన్నాడు.

బయట డ్రైవర్ మన కారుని నల్ల కారుకి అడ్డం పెట్టేశాడు. కాసేపటికి చీఫ్ మనుషులు వచ్చి కాపలావాడితో పాటు నెమలికీ బేడీలు వేశారు. నాటకం రక్తి కట్టాలిగా.

"ఈ హీల్స్‌తో రెండేళ్ళు," అంది ఆమె అతని పక్కనుంచి వెళుతూ, పెదవి కదపకుండా. "మామూలు చెప్పులు ఇప్పిస్తే చాలు. మెడల్ వద్దు."

ఫోన్ కుయ్‌మంది. గడువు ముగిసింది, నర్సక్క జవాబు ప్రకటించి పేర్లు చదువుతోంది. *లైబ్రేరియన్‌గారూ, మీది పెద్ద సూచన తీసుకున్న జవాబు. లెక్కలోకి రాదు. ఇప్పటికైనా వెళ్ళి కళ్ళు చూపించుకోండి తమ్ముడూ.*

ఇరవై ఏడేళ్ళలో డిపార్ట్‌మెంట్ అతని ఒంటి గురించి ఒక్క మాట అడగలేదు. మొహం చూడని ఈవిడ అడిగింది.

బావమరిది పట్టికకి కొత్త బల్బు పెట్టి ఇటు తిరిగాడు. "మీరు లైన్లో ఉన్నారు కదండీ?"

గ్రంథం వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. మూడో వరుసలో మొదటి అక్షరమే తప్పు చదివాడు. ఎవరూ తిట్టలేదు.