బ్రోకరమ్మ ఆఖరి కాల్

బూట్ల చప్పుడు!

వెనకే... దగ్గరగా!

ఆమె పైపుల సందులోకి దూరుతుంది. గోడకు వీపు ఆనించి ఊపిరి బిగబడుతుంది.

గుండెలకు హత్తుకున్న సంచిలో ఒక కవరు. అందులో ఓడ సరుకు కాగితాలు. బయటి రేవులో లంగరేసిన ట్యాంకరులో ఎనభై వేల టన్నుల ముడి చమురు... ఆ కాగితాలు ఎవరు చూపిస్తే సరుకు వాళ్ళదే!

మధ్యాహ్నం ప్రభుత్వం పడిపోయింది. సాయంత్రానికి కర్ఫ్యూ. గద్దెనెక్కిన సైన్యానికి తుపాకులున్నాయి, బండ్లున్నాయి. లేనిది చమురొక్కటే. అది చిక్కి రిఫైనరీకి చేరిందా... యుద్ధట్యాంకులు ఊరి వీధుల్లోకి వచ్చేస్తాయి!

బూట్లు సందు దాటి వెళ్ళిపోతాయి.

రేవులో అందరూ ఆమెను బ్రోకరమ్మ అంటారు. ఇరవై ఏళ్ళుగా చమురు అమ్మేవాళ్ళకీ కొనేవాళ్ళకీ నడుమ ఆమె మాటే పూచీ. పెళ్ళి లేదు. పిల్లల్లేరు. ఫోనులో ఉన్న నంబర్లే చుట్టపక్కాలు.

బ్యాంకు మేనేజరుకు ఫోన్ చేస్తుంది.

"ఎవరండీ మీరు? రాంగ్ నంబర్!"

మొన్ననే ఆమె ఇంట్లో భోంచేసి వెళ్ళిన మనిషి!

ఇన్సూరెన్సాయన... స్విచ్డాఫ్.

కస్టమ్స్ అధికారి ఎత్తుతాడు. "మీ మీద వారంటుందమ్మా. పిల్లలు గలవాణ్ణి... ఇంక నాకు చెయ్యకండి."

టక్!

మిగిలింది ఒక్కడే. రిఫైనరీ యజమాని. ఆమె కుదిర్చిన మొదటి ఓడతోనే నిలదొక్కుకున్నవాడు. 'అక్కా' తప్ప మరో పిలుపెరగడు.

"ఏడో నంబరు గోడౌనుకి వచ్చెయ్యక్కా! పడవ రెడీ. సరిహద్దు దాటించేస్తా!"

పరుగు!

సగం తెరిచిన తలుపు. డీజిల్ కంపు. ఒకే ఒక్క బల్బు. దాని కింద అతను... మంచినీళ్ళ సీసా అందిస్తాడు. ఆమె గటగటా తాగేస్తుంది.

"కాగితాలు ఇలా ఇవ్వక్కా."

"పడవెక్కాక ఇస్తాలే."

అతను తల దించుకుంటాడు.

డ్రమ్ముల వెనకనుంచి... సైనికాధికారి! చేతిలో పిస్టల్!

"తమ్ముడూ!"

"ఏం చెయ్యనక్కా? రిఫైనరీకి తాళం వేస్తామన్నారు. పన్నెండు వందల మంది రోడ్డున పడతారు..." అతను ఒక అడుగు వెనక్కి వేస్తాడు. "నువ్వైతే ఒక్కదానివే కదా!"

ఒక్కదానివే.

సంచి మీద ఆమె పట్టు సడలుతుంది. అధికారి సంచి లాక్కుంటాడు.

అప్పుడే అతని రేడియో గరగరలాడుతుంది.

"సార్! ట్యాంకర్ లంగరు తీసేసింది! కదులుతోంది!"

పిస్టల్ ఆమె కణతకు ఆనుతుంది.

"కెప్టెన్‌కి ఫోన్ కొట్టు! స్పీకర్ ఆన్! వెనక్కి రమ్మను!"

రెండు రింగులు. మూడు...

"కెప్టెన్! నేను... ఓడ ఆపండి. వెనక్కి తిప్పండి!"

ఇంజను హోరు.

"లేదమ్మా." ముసలి గొంతు పలుకుతుంది. "మధ్యాహ్నం మీరే చెప్పారుగా... చీకటి పడగానే బయల్దేరండి, ఆ తర్వాత నేనే ఫోన్ చేసి ఆగమన్నా ఆగొద్దని. ఆగను... జాగ్రత్తమ్మా!"

టక్!

ఆమె ఫోనును గుండెకు ఆనించుకుంటుంది. ఇవాళంతా ఆమె మాట నిలబెట్టినవాడు ఆయనొక్కడే!

"ఓడ నా చేతిలో పెడతానన్నావ్ కదరా!"

అధికారి గర్జిస్తాడు. పిస్టల్ ఆమె కణత మీంచి లేస్తుంది. పక్కకి తిరుగుతుంది... రిఫైనరీ యజమాని వైపు!

"అక్కా!"

ఢాం!