తండ్రికీ వర్తిస్తుంది

ఆ ఉదయం కూడా ఆమె పాలు కాచింది, టిఫిన్ డబ్బాలు సర్దింది. నడుము నుంచి మోకాళ్ళ దాకా పిండికట్టుతో పడుకున్న ఎనిమిదేళ్ళ కూతురికి దుప్పటి మార్చి జడ వేసింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మనసు ఎక్కడుందో ఆమెకే తెలియదు.

పాపకి తుంటి ఆపరేషన్ ఇది మూడోది. ఇంకా ఆరు వారాలు మంచం దిగకూడదు. ఆమె సెలవులన్నీ మొదటి రెండు ఆపరేషన్లకే కరిగిపోయాయి. ఆమె పనిచేసేదేమో ప్రభుత్వాఫీసు సెలవుల సెక్షన్‌లో. తోటివాళ్ళు సరదాగా ‘సెలవుల తల్లి’ అంటారు. దీపం కిందే చీకటి.

సర్వే ఆఫీసులో పనిచేసే భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ, జీతం లేని సెలవైనా పెట్టమన్నాడు. ఇంట్లో ఆడమనిషి ఉండగా ఇంత ఆలోచనెందుకన్నాడు. మోకాళ్ళ నొప్పులతో పాపని ఎత్తలేని అత్తగారు ఇద్దరి మొహాలూ చూస్తూ కూర్చుంది.

ఆమె స్టవ్ ఆపింది.

“పిల్లల సంరక్షణ సెలవు తండ్రికీ వర్తిస్తుందని మూడు నెలల క్రితం ఉత్తర్వు వచ్చింది. మీకు తెలుసు కదండీ?”

అలాంటిదేదీ తన కంటపడలేదన్నాడతను.

“మీ ఆఫీసుకి పంపింది నేనే. అందినట్టు మీరు పెట్టిన సంతకం నా ఫైల్లో ఉంది.”

గొంతు పెంచలేదు. కోపం కూడా రాలేదు. రాకపోవడమే ఆమెని భయపెట్టింది.

అతను తల దించుకున్నాడు. ఆఫీసులో ఇంతవరకూ ఏ మగవాడూ ఆ సెలవు పెట్టలేదని, నలుగురూ నవ్వుతారని నసిగాడు.

“నవ్వితే నవ్వనీరా,” అంది అత్తగారు. “చిన్నప్పుడు నువ్వు జ్వరంతో పడుంటే మీ నాన్న గుమ్మంలోంచే ఎలా ఉందని అడిగి వెళ్ళిపోయేవారు. ఆయన పోయేదాకా నీకు ఆయన పక్కన కూర్చోవడం చేతకాలేదు. తప్పు నాదే. మగాడికేం తెలుసని నేనే లోపలికి రానివ్వలేదు.”

అతను టిఫిన్ డబ్బా అందుకుని ఆఫీసుకి వెళ్ళిపోయాడు. సాయంత్రం వచ్చి, మర్నాటి నుంచి ఆరు వారాలు సెలవు పెట్టానని ముక్తసరిగా చెప్పాడు. ఆమె సరేనంది. సంతోషమూ కలగలేదు.

తొమ్మిదో రోజు ఆమె ఆఫీసు నుంచి వచ్చేసరికి అతను గుమ్మం దగ్గరే ఎదురొచ్చాడు. గొంతు తగ్గించి, “పాప నొప్పని చెప్పదు. నొప్పి ఎక్కువైతే దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటుంది. నువ్వెప్పుడైనా చూశావా?” అనడిగాడు.

మూడేళ్ళుగా చూస్తూనే ఉంది. ఎవరికీ చెప్పకుండా ఒక్కతే చూస్తూ వచ్చింది. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది.

“లేదండీ. చెప్పండి,” అంది.

ఏ వేలికి చుట్టుకుంటుందో, ఎంత బిగుతుగా చుట్టుకుంటుందో అతను చెబుతూనే ఉన్నాడు. ఆమె మెట్టు మీదే కూలబడి వింది. ఎన్నాళ్ళకో కళ్ళు నిండాయి.