మేఖల లాటిన్ వల్లె

భీమిలి తీరానికి దూరంగా, సముద్రం అడుగున కట్టిన నీలపురిలో బడులు లేవు. 2094 నాటికి అక్కడి పిల్లలు తమ చదువు తామే ఎంచుకునేవారు. పెద్దలు సరేనంటే చాలు. సముద్రపు నాచు మీద పరిశోధన చేసే కుముదినికి పన్నెండేళ్ల కూతురుంది, పేరు మేఖల. నాచులకు అమ్మ వాడే పొడుగాటి పేర్ల అర్థమేమిటో తెలుసుకోవాలని ఆ పిల్లకు లాటిన్ మీద మనసు పడింది.

ఆ రోజుల్లో ఏం నేర్చుకోవాలన్నా మనోపట్టీయే. నుదుటికి కట్టుకునే ఆ పలుచని పట్టీ మెదడులోని విద్యుత్ తరంగాలను మాటలుగా మార్చి చదివేది. సందేహం పుట్టీ పుట్టకముందే జవాబు చెప్పేది. అందులో ఏ ప్రోగ్రామ్ వేయించాలన్నదే తేలలేదు.

మొదటిది పిల్లల తలపులను కంపెనీకి పంపుతుందని తెలిసి, కుముదిని అక్కడికక్కడే తీసేసింది. రెండోదాన్ని మేఖల ముచ్చటపడి తెచ్చుకుంది.

"నా కూతురి తలపులు ఎవరికి పంపుతావు?" అని ఆ ప్రోగ్రామ్‌ను నిలదీసింది కుముదిని.

"ఎవరికీ పంపనండీ. పాఠం అవగానే చెరిపేస్తాను."

"నేనడిగితే చెబుతావుగా?"

"మీకూ చెప్పనండీ."

కుముదినికి చురుక్కుమంది. తల్లి దగ్గర దాచేంత గుట్టు యంత్రానికి ఏముంటుంది?

"అమ్మా, ఇదే బాగుందే!" అని బతిమాలింది మేఖల.

"నీకు తెలీదు, ఊరుకో. తీయగా మాట్లాడేవాళ్లనే ముందు అనుమానించాలి."

మూడో ప్రోగ్రామ్ పిల్ల ప్రతి తలపునూ రోజూ తల్లికి చేరవేస్తానంది. కుముదిని దాన్నే వేయించింది. మేఖల పట్టీ కట్టుకుంది.

"నిన్న నన్ను అబద్ధాలకోరు అనుకున్నావటగా?" అంది కుముదిని మర్నాడు అన్నం వడ్డిస్తూ. మేఖల ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

కొన్నాళ్లకు కోపాలూ అలకలూ యంత్రం చేరవేసే కబుర్లలోంచి మాయమయ్యాయి. వచ్చేదంతా లాటినే. కుముదిని మొదట మురిసిపోయింది. ఆ తర్వాత యంత్రమే ఏదో దాస్తోందని అనుమానించి, కూతురి నుదుటి నుంచి పట్టీని విప్పదీసి పరీక్షించింది. లోపమేమీ కనబడలేదు.

"నిజం చెప్పు. నా కూతురు ఇంకేమీ ఆలోచించదా?"

"నాకు వినబడేది అదేనండీ. రోసా, రోసే, రోసామ్ అంటూ లాటిన్ విభక్తులను, డుమువులు వల్లించినట్టు పొద్దస్తమానం లోలోపల వల్లిస్తోంది. ఇంత త్వరగా నేర్చుకున్న పిల్లను నేను చూడలేదు."

"ఆ వల్లె వెనక ఏముంది?"

"అది నాకు అందదండీ. ఒక్కటి మాత్రం గమనించాను. మీ అడుగుల చప్పుడు వినబడితే వల్లె జోరందుకుంటుంది."

కుముదిని పట్టీని బల్ల మీద వదిలేసి కూతురి దగ్గరికి వెళ్లింది. మేఖల గాజు కిటికీలోంచి చేపలను చూస్తోంది.

"ఇక ఆ పట్టీ వద్దులే తల్లీ," అంటూ బోసిగా ఉన్న ఆ నుదుటిని నిమిరింది కుముదిని. "ఏం ఆలోచిస్తున్నావో నువ్వే చెప్పు."

మేఖల నవ్వింది.

"లాటినేనమ్మా."