నిండు బిందెల వీధి

పైడితల్లి హెల్మెట్ సర్దుకుని కొండమెట్లు ఎక్కుతుంటే ముంజేతి పలక మళ్ళీ గొణిగింది. పొద్దున్నుంచి ఇది పదకొండోసారి.

"పద్నాలుగో మెట్టు వీధి. చాలిక తొంభై ఆరు. మూతపత్రం సిద్ధం. సాయంత్రం ఐదులోగా వేలిముద్ర వేయగలరు."

వేయగలరట! ఊరికి నీళ్ళు పంచే ఈ జలచిత్తు యంత్రానికి మర్యాదకేం తక్కువ లేదు. పీక నొక్కేటప్పుడు కూడా 'దయచేసి' అనే రకం.

ఆమె ఇంజినీరుగా పనిచేసే రేవుపురం ఇంజినీరింగ్ విభాగం జనానికి చేసిపెట్టే పనులు ఒకటా రెండా? గుంత పడ్డ రోడ్డు తెల్లారేసరికి తనను తానే కుట్టుకుంటుంది. వాన రాకముందే కాలవలు మూతలు తెరుచుకుంటాయి. వీధిదీపం ఆరిపోవడానికి వారం ముందే కొత్తది వచ్చి కూర్చుంటుంది. ఫిర్యాదు అన్న మాటనే ఆరేళ్ళ కిందట రద్దు చేసేశారు. జనం నోరు తెరిచేదాకా ఆగడం దేనికి, ప్రతి ఇంటి గోడలోనూ తడికన్ను ఉందిగా! ఇంట్లో ఎన్ని నీళ్ళున్నాయో అది చూసి చెబుతుంది, ఎవరికెంత కావాలో జలచిత్తు తేల్చి అంతే వదులుతుంది. చెప్పుకోడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కొండెక్కి చూస్తే తెలుస్తుంది దాని బండారం.

పద్నాలుగో మెట్టు వీధిలో ముప్ఫై రెండు ఇళ్ళు, అందరికీ కలిపి ఒకటే కుళాయి. కుళాయి ఆగిపోయిన రోజులు బాగా ఎరిగిన మనుషులు కాబట్టి అక్కడ ఏ ఇంట్లోనూ బిందె ఖాళీగా ఉండదు. స్నానం మానుకుంటారు, బట్టలు వారానికోసారి ఉతుక్కుంటారు, గుమ్మం పక్కన బిందె మాత్రం అంచుదాకా నిండి ఉండాలి. తడికన్నుకి కనిపించేది ఆ నిండు బిందె ఒక్కటే. నీళ్ళు వాడట్లేదంటే అక్కర్లేదన్నమాటే అనుకుంది జలచిత్తు, వాళ్ళకి నీళ్ళు చాలుతున్నాయని 'చాలిక' అంకె పెంచి ధార తగ్గించింది. ధార తగ్గేసరికి వీళ్ళకి భయం పుట్టి ఇంకా పొదుపుగా దాచుకున్నారు. అది ఇంకా తగ్గించింది. రెండు నెలల్లో రోజుకి నలభై నిమిషాల నీళ్ళు కాస్తా పన్నెండు నిమిషాలకి దిగాయి. ఈ సాయంత్రం మూతపత్రం మీద పైడితల్లి వేలిముద్ర పడితే, ఐదింటితో ఆ పన్నెండూ పోతాయి.

వీధి మొదట్లో ఆగి, పైడితల్లి తన పై అధికారి జోగారావుకి ఫోన్ కలిపింది.

"సార్, నా అభ్యంతరపత్రం మళ్ళీ తిరిగొచ్చేసింది."

"ఏం జత చేశావమ్మా?"

"నా కళ్ళతో చూసింది రాశాను సార్."

"కళ్ళతో చూసింది రాయడానికి గడి లేదు కదా. తడికన్ను కొలత ఉండాలి."

"ఆ కొలతే తప్పంటున్నాను సార్!"

"కొలత తప్పని చెప్పడానికీ కొలతే కావాలమ్మా. నన్నేం చెయ్యమంటావు?" జోగారావు చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. "రేపు పదిహేనో మెట్టు వీధి మూతపత్రం మీద నేనూ వేలు పెట్టాలి. నాకు మాత్రం సరదానా?"

"చేతివాల్వు తిప్పేస్తాను."

"చేతివాల్వులు ఎక్కడున్నాయి? పోయినేడు నువ్వే దగ్గరుండి పీకించావు."

పైడితల్లికి ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియలేదు. ఎక్కువగా తన మీదే.

సన్యాసమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. అరవై ఏళ్ళు దాటిన మనిషి, వీధికి పెద్దదిక్కు. లోపల కోడలు బాలింత. పసిపిల్లకి పది రోజులు. పురుటి గుడ్డలు ఉతక్కుండా మూల గుట్టగా పడి ఉన్నాయి. గుమ్మం పక్కన ఇత్తడి బిందె మాత్రం తళతళా, నిండుగా ఉంది.

"మామ్మా, ఆఖరిసారి అడుగుతున్నా. ఆ బిందె వంచేసి ఆ గుడ్డలన్నా ఉతుక్కో. ఇల్లు ఎండినట్టు కనిపిస్తే కుళాయి ఆగకపోవచ్చు."

"పోయిన్నెల్లోనూ ఇదే సెప్పినావు గదేటి! నీ మాట నమ్మి మూడిళ్ళోళ్ళు ఒంపేసినారు. ఏటైనాది?"

 ఒంపిన నీళ్ళని జలచిత్తు 'వృథా' కింద రాసుకుని, ఆ మూడిళ్ళ పేరు చెప్పి వీధి మొత్తానికి ఇంకో మూడు నిమిషాలు కోసేసింది.

"పచ్చి బాలింతున్న ఇంట్ల బిందె బోర్లించమంటావా? ఒంపినాక కుళాయి రాపోతే పిల్లకి నీళ్ళెక్కడ్నించి తెత్తాను, నీ పలకలోంచి పిండుతానేటి?"

నాలుగూ నలభై. పలక తనంతట తానే మూతపత్రం విప్పింది.

"వీధిలో ఆసుపత్రి ఉన్నదా?"

"లేదు," అంది పైడితల్లి.

"బడి ఉన్నదా?"

"లేదు. పది రోజుల పిల్ల ఉంది."

"జవాబు గుర్తించబడలేదు. బడి ఉన్నదా?"

"లేదు, లేదు, లేదు!"

"అత్యవసర సిబ్బంది నివాసం ఉన్నదా?"

ఈ ప్రశ్నకి ఆరేళ్ళుగా ఆమె చూడకుండానే 'లేదు' అంటూ వచ్చింది. అత్యవసర సిబ్బంది అంటే ఇంజినీర్లే, వాళ్ళంతా ఉండేది కింద క్వార్టర్స్‌లో. అందుకే అక్కడ అఖండధార, రాత్రీ పగలూ. కొండ మీద ఉండే ఖర్మ ఎవరికి? నోటిదాకా వచ్చిన 'లేదు'ని పైడితల్లి మింగేసింది.

"మామ్మా, మీ ఇంట్లో ఒక గది ఇస్తావా?"

"ఎవురికి?"

"నాకే."

సన్యాసమ్మ చేట దించి ఆమెని ఎగాదిగా చూసింది. "వసారా ఉంది. వానకి కారతాది. దొరసానివి, ఉండగలవా?"

"ఉన్నది," అంది పైడితల్లి పలకతో. "సిబ్బంది నివాసం ఉన్నది. పేరు పైడితల్లి."

"నివాసం మార్పు నమోదు. పాత నివాసపు ధార రద్దగును. వేలిముద్ర వేయగలరు."

వేసింది.

మొదట ఏమీ కాలేదు. తర్వాత మెట్ల కింద గొట్టం దగ్గింది. గాలి, తుప్పు, మళ్ళీ గాలి. అప్పుడొచ్చాయి నీళ్ళు, గట్టు మీదకి ఎగజిమ్ముతూ. వీధి వీధంతా బిందెలతో పరిగెత్తుకొచ్చింది. బాలింత గుడ్డల మూట ఎత్తుకుని సన్యాసమ్మ అందరికంటే ముందు దూసుకెళ్ళింది.

పలక గొణగడం మానేసి వణకసాగింది. "చాలిక తొంభై ఆరు. ధార అఖండం. పొసగలేదు. పునర్గణన. పొసగలేదు."

ఫోన్ మోగింది. క్వార్టర్స్ నుంచి భర్త గవరయ్య. "ఏమే, కుళాయి ఆగిపోయిందేంటి? తల నిండా సబ్బుందే నాకు!"

"తువ్వాలుతో తుడుచుకోండి. తర్వాత పెట్టె సర్దండి, ఇల్లు మారుతున్నాం."

"ఇల్లేంటి, మారడమేంటి? నీకు మతి పోయిందా?"

"పోయిందనే అనుకోండి. గొడుగులు రెండూ తీసుకురండి, వసారా కారుతుందట."

పెట్టేసిందో లేదో జోగారావు ఫోన్ చేశాడు. "ఏం చేశావమ్మా? కొండవార్డు లెక్క మొత్తం తిరగబడింది! రేపే విచారణ వేస్తారు. నువ్వు నిజంగా అక్కడ కాపురం ఉండకపోతే ఉద్యోగం ఊడుతుంది, తెలుసా?"

"ఉంటాను సార్."

"వసారాలోనా?"

"వసారాలోనే."

ఫోన్ చేతిలో పట్టుకునే పైడితల్లి కుళాయి దగ్గరికి నడిచింది. బిందెల వరస వీధి మలుపుదాకా ఉంది. తన దగ్గర బిందె లేదు. హెల్మెట్ తీసి వరసలో మధ్యన పెట్టబోయింది.

"ఓలమ్మా, ఇంజినీరమ్మా! కొత్తగా దిగినోళ్ళు ఆకర్న!" సన్యాసమ్మ గుడ్డలు బాదుతూనే కేకేసింది.

పైడితల్లి నోరు మూసుకుని వెళ్ళి హెల్మెట్‌ని చిట్టచివర పెట్టింది.

"పైడితల్లీ," ఫోన్‌లో జోగారావు గొంతు సవరించుకున్నాడు. "ఆ పైన, పదిహేనో మెట్టు వీధిలో... ఇల్లేమైనా ఖాళీ ఉందేమో కనుక్కుంటావా?"

ఆమె ఫోన్ దించి గట్టిగా అరిచింది. "మామ్మా! పై వీధిలో ఇల్లు ఖాళీ ఉందా?"

"ఎవురికి?"

"మా పెద్దసారుకి!"

సన్యాసమ్మ గుడ్డ పిండుతూ ఒక్క క్షణం ఆలోచించింది.

"ఆయనకి లైన్ల నిల్సోడం వచ్చునా?"