తలకిందుల నెమళ్లు

ఉదయం ఏడున్నర. గన్నవరం ఎయిర్‌పోర్టు కార్గో గోడౌన్‌లో డ్యూటీకి బయల్దేరే ముందు చాయ్‌లో బన్ను ముంచుకు తింటూ ఫోన్ చూసుకోవడం అర్హాన్‌కి అలవాటు. ఆ రోజూ అలాగే చూశాడు. బన్ను చాయ్‌లోనే మెత్తబడి మునిగిపోయింది.

వాళ్ల మగ్గం పని పేజీలో కొత్త ఫొటో పడింది. ఎర్ర పట్టు జాకెట్టుగుడ్డ మీద రెండు జరీ నెమళ్లు. తోకలు పైకి, తలలు కిందికి. దాని కింద పామర్రు పెళ్లికూతురు సింధూరి రాసింది: "అన్నా, నా నెమళ్లు ఇవాళ కూడా శీర్షాసనం వేశాయి. పెళ్లిలోపు లేస్తాయా?" పక్కనే నవ్వుతున్న బొమ్మలు నాలుగు. ఆ కింద ఎవరెవరో వచ్చి మరో పది నవ్వులు కలిపి వెళ్లారు.

అర్హాన్‌కి మాత్రం నవ్వు రాలేదు. తలకిందులుగా పడిన ఫొటోల్లో ఇది అయిదోది.

వించిపేటలో వాళ్ల ఇంటి ముందుగది గది కాదు, మగ్గమే. నలభై ఏళ్లుగా అర్హాన్ తండ్రి అబ్దుల్లా ఆ కర్ర చట్రానికి గుడ్డ బిగించి జరీ, పూసలు, కుందన్లు కుడుతున్నాడు. వచ్చినవాళ్లు గోడను రాసుకుంటూ లోపలికి రావాలి. కోడలు జుబియా రెండేళ్ల కిందట ఆ పేజీ తెరిచింది. ఫొటోలు మాత్రం మామగారే తీసి పెడతారు. తన పనిని ఏ వెలుతురులో చూపించాలో తనకే తెలుసునని ఆయన పట్టుదల. నిన్నమొన్నటి దాకా ఆయన తీసిన ఫొటోలు చూసి ఏలూరు నుంచి కూడా ఆర్డర్లు వచ్చేవి.

ఫొటోలొక్కటే అయితే అర్హాన్ ఇంత బెంగపడేవాడు కాదు. ఈ మధ్య అబ్బా చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుంటున్నారు. చాయ్ గ్లాసు రెండుసార్లు చేజారింది. కొరియర్ కాగితం మీద సంతకం పెట్టమంటే, ఎవరి సంతకమో పెడుతున్నట్టు దాన్నే చూస్తూ నిలబడిపోయారు. అవన్నీ చూసినప్పుడల్లా అర్హాన్‌కి దాదీ, వాళ్ల నాన్నమ్మ, గుర్తొచ్చేది. చివరి రోజుల్లో దాదీ అతన్ని చనిపోయిన తన తమ్ముడి పేరుతో పిలిచేది, వంటింట్లో చెప్పులు దాచేది. ఆమెకీ ఇలాగే చిన్నచిన్న వాటితో మొదలైంది.

గ్లాసు పక్కన పెట్టి ముందుగదిలోకి వెళ్లాడు.

"అబ్బా, మళ్లీ తలకిందులుగా పెట్టారు."

మగ్గం ముందు కూర్చున్న అబ్దుల్లా తల ఎత్తాడు. "ఏది?"

"నెమళ్లు. ఎన్నిసార్లు చెప్పాను, పెట్టే ముందు ఒక్కసారి చూసుకోండని!"

"చూసే పెట్టాను బేటా. నా ఫోన్‌లో సరిగ్గానే ఉంది. ఇదిగో, చూడు." ఆయన ఎడమచేత్తో ఫోన్ చాపాడు.

"నేను చూడక్కర్లేదు. ఊరంతా చూసి నవ్వుతోంది."

చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, మెల్లగా కిందికి దిగింది. వంటింటి గుమ్మంలోకి వచ్చిన ఫక్రున్నీసా కొడుకు మొహం చూసి అక్కడే ఆగిపోయింది.

అర్హాన్ వారం రోజులుగా గొంతులో పెట్టుకుని తిరుగుతున్న మాట బయటపెట్టాడు. "అబ్బా, మీరిక ఈ పని మానేయండి. మాణిక్యం గారితో మాట్లాడాను. ఇవాళ ఎనిమిదింటికి బండి తెస్తారు. మగ్గం ఆయన కార్ఖానాకి వెళ్లిపోతుంది. సింధూరి గారి జాకెట్టు కూడా వాళ్లే పూర్తి చేసిస్తారు."

"ఒరేయ్!" అంది ఫక్రున్నీసా. "ఇంట్లో ఎవర్ని అడిగావురా?"

"అడిగితే ఒప్పుకుంటారా అమ్మీ? నాకేమైనా సరదానా?"

అబ్దుల్లా నెమలి తోక మీద వేలితో రాస్తూ అడిగాడు. "నాకు మతి పోయిందనుకుంటున్నావా?"

అర్హాన్ గొంతు తగ్గింది. "దాదీకి కూడా ఇలాగే మొదలైంది కదా అబ్బా."

తండ్రి అరిచినా బాగుండేదనిపించింది అర్హాన్‌కి. ఆయన అరవలేదు. ముసలివాళ్లు అరవకుండా ఊరుకుంటే పిల్లలకి తాము చేసింది న్యాయమే అనిపిస్తుంది, అదే వచ్చిన చిక్కు.

చేతులు తుడుచుకుంటూ వచ్చిన జుబియా మామగారి పక్కన చతికిలబడింది. "అబ్బా, ఆ ఫోన్ ఇలా ఇవ్వండి." తీసుకుని చూసింది. ఒకటి, రెండు, మూడు... అయిదూ చూసింది. లేచి భర్త మొహానికి ఎదురుగా పెట్టింది.

"మీరొకసారి చూడండి."

నెమళ్లు నిటారుగా నిలబడి ఉన్నాయి. అయిదు ఫొటోల్లోనూ అంతే.

"మరి పేజీలో?" అన్నాడు అర్హాన్, తన ఫోన్ తీస్తూ. అందులో అవే నెమళ్లు శీర్షాసనంలో ఉన్నాయి. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి తెల్లబోయి చూశాడు.

"అబ్బా, నా ఎదురుగా ఇంకొకటి తీయండి," అంది జుబియా.

"ఇప్పుడెందుకులే బేటీ."

"ఒక్కటే."

అబ్దుల్లా ఇష్టం లేకుండానే లేచాడు. ఎడమచేత్తో ఫోన్ అందుకుని, పై అంచు నేలవైపు వచ్చేలా తిప్పాడు. అలా తిప్పేసరికి ఫోన్ కుడి అంచున ఉండే సౌండు బటన్ సరిగ్గా ఎడమ బొటనవేలి కిందికి వచ్చింది. నొక్కాడు. ఏళ్ల తరబడి జరీ తీగ ఒరుసుకుని ఆయన వేళ్లు కాయలు కాచిపోయాయి. అద్దం మీద నాలుగైదుసార్లు తాకిస్తే గానీ ఫోన్‌కి ఆ వేళ్లు ఆనవు. అందుకే మొదట్నుంచీ బటన్‌తోనే తీస్తాడు.

"అదీ సంగతి!" జుబియా చప్పట్లు కొట్టినంత పని చేసింది. "ఏమండీ, మీ గోడౌన్‌లో పెట్టెల మీద ఏది పైవైపో బాణం గుర్తు ఉంటుందే, ఇదీ అంతే. ఫోన్‌ని ఎలా పట్టుకుంటే అలాగే లోపల దాచి, పైవైపు ఇదీ అని ఒక గుర్తు పెట్టుకుంటుంది. గ్యాలరీ ఆ గుర్తు చూసి తిప్పి చూపిస్తుంది. మన పేజీ ఆ గుర్తు చూడదు, ఉన్నదున్నట్టు పెట్టేస్తుంది. అబ్బా తప్పేం లేదు."

ఆమె ఎడిట్‌లోకి వెళ్లి, ఫొటో అంచు ఒక వెంట్రుకవాసి కత్తిరించి, సేవ్ చేసింది. అలా సేవ్ చేస్తే ఫోన్ బొమ్మని తిప్పే దాచుకుంటుంది. దాన్ని మళ్లీ పేజీలో పెట్టింది. ఈసారి నెమళ్లు తలలెత్తుకుని నిలబడ్డాయి.

అర్హాన్‌కి గుండెల మీది నుంచి బస్తా దించినట్టయింది. రోజూ వందల పెట్టెల మీద బాణాలు చూసి సరిచేసేవాడు, ఇంట్లో తండ్రి చాపిన ఫోన్ చూడలేదు. సిగ్గుపడుతూనే నవ్వాడు. "అంతేనా! ఇక మీదట ఫోన్ మామూలుగా పట్టుకుని తీయండబ్బా. కుడిచేత్తో. రంజాన్‌కి ముందు అలాగే తీసేవారుగా, అప్పుడు బాగానే వచ్చేవి."

అబ్దుల్లా కుడిచెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏదీ, కుడిచేత్తో ఒకటి తీయండి."

ఫక్రున్నీసా కొంగుతో మొహం కప్పుకుంది. ఆమె భుజాలు కదులుతుంటే అందరికంటే ముందు జుబియాకి అర్థమైంది.

"చెప్పేయండి," అంది ఫక్రున్నీసా కొంగులోంచే. "నేనిక దాచలేను."

అబ్దుల్లా కుడిచెయ్యి ముందుకు చాపాడు. "బొటనవేలు, ఇదీ, ఇదీ... స్పర్శ తెలియడం లేదు. నాలుగు నెలలైంది. మొదట తిమ్మిరనుకున్నాను. తర్వాత సూది పట్టుకుంటే ఎప్పుడు జారిపోతోందో కూడా తెలిసేది కాదు."

"మరి ఈ నెమళ్లు?"

"ఎడమచేత్తో కుట్టాను." ఆ గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది, దాచుకోలేకపోయాడు. "నెలన్నర పాత గుడ్డల మీద నేర్చుకున్నాను, మీరంతా బయటికి వెళ్లాక. మీ అమ్మీ వంకరపోయిన కుట్లు విప్పేది."

అర్హాన్‌కి ఒక్కొక్కటీ కళ్ల ముందుకొచ్చాయి. తప్పిన గుండీలు, చేజారిన గ్లాసు, సంతకం పెట్టలేక నిలబడిపోయిన ఆ నిమిషం. అన్నిటికీ తను ఒకటే అర్థం చెప్పుకున్నాడు. ఒక్కసారైనా ఆ చెయ్యి పట్టుకుని చూడలేదు.

"నాకెందుకు చెప్పలేదబ్బా?"

"చెయ్యి పోయిందంటే ఆ రోజే మగ్గం తీసేస్తావని." అబ్దుల్లా నవ్వబోయాడు, కుదరలేదు. "చెప్పకపోయినా తీసేస్తున్నావుగా."

ఆ మాటతో అర్హాన్ వచ్చి తండ్రి ముందు కూలబడి, స్పర్శ లేని ఆ వేళ్లను రెండు చేతుల్లోకీ తీసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నన్ను క్షమించండబ్బా. భయమేసింది. మీరు నన్ను కూడా మర్చిపోతారేమోనని భయమేసింది."

"పిచ్చోడా," అన్నాడు అబ్దుల్లా. ఎడమచేత్తో కొడుకు తల నిమిరాడు.

సరిగ్గా అప్పుడే వీధిలోంచి హారన్ మోగింది. "అర్హాన్ గారూ! బండి తెచ్చానండీ!"

అర్హాన్ కళ్లు తుడుచుకుని గుమ్మంలోకి వెళ్లాడు. "మాణిక్యం గారూ, ఏమీ అనుకోకండి. మగ్గం ఇవ్వడం లేదండీ."

మాణిక్యం అతని ఎర్రబడ్డ కళ్లు చూశాడు, లోపలికి తొంగిచూశాడు. పాతికేళ్లుగా మగ్గాల మధ్య బతికిన మనిషి, ఇంకేం అడగలేదు. "ఆ ముక్క రాత్రే చెబితే టిఫినైనా చేసి వచ్చేవాణ్ణి కదండీ," అన్నాడు.

"అన్నయ్యగారూ, కూర్చోండి, ఉప్మా తెస్తాను," అంది జుబియా లోపల్నుంచి.

అర్హాన్ ఆఫీసుకి ఫోన్ చేసి సెలవు చెప్పాడు. సాయంత్రం తండ్రిని నరాల డాక్టరుకి చూపించడానికి టైము తీసుకున్నాడు. "మందులకి తగ్గకపోతే?" అని అబ్దుల్లా అడిగితే, "ఎడమచెయ్యి ఉందిగా," అన్నాడు. తర్వాత బూట్లు విప్పి, గోడను రాసుకుంటూ వెళ్లి మగ్గానికి అవతలివైపు కూర్చున్నాడు. పదేళ్లప్పుడు సెలవుల్లో అతని చోటు అదే. అక్కడ కూర్చుంటే బొమ్మ ఎప్పుడూ తలకిందులుగానే కనిపిస్తుంది. ఆ రోజుల్లో అలా చూస్తూనే పూసలు కుట్టేవాడు.

"నెమలి మెడ దగ్గర పూసలు మిగిలాయి," అన్నాడు అబ్దుల్లా. "గుర్తుందా?"

"మీరు చూస్తూ ఉండండి. తప్పితే చెప్పండి."

మొదటి నాలుగు పూసలూ వంకర పోయాయి. ఫక్రున్నీసా వచ్చి విప్పింది. ఈ మధ్య ఆమెకి అది బాగా అలవాటైన పనే. అయిదోది కుదిరింది.

కాసేపటికి అబ్దుల్లా లేచి, ఎడమచేత్తో ఫోన్ తలకిందులుగా పట్టుకుని, మగ్గం మీదికి వంగిన కొడుకుని ఒక ఫొటో తీశాడు. జుబియా చూసి నవ్వుకుంది. అంచు కత్తిరించడానికి ఎంతసేపు పడుతుంది!

అర్హాన్ సూది పక్కన పెట్టి, ఫోన్ కోసం మగ్గం మీదుగా చెయ్యి చాపాడు.

"ఏదీ అబ్బా, నన్నొకసారి చూడనివ్వండి."