గోడలో గంపమ్మ

నెల్లూరులో లాంతర్ల మేడ వెనక సందు ఉంది చూశారూ... దీపాలు పెట్టినాక ఆ దారిన కుక్క కూడా పోదు. తప్పిజారి పోయినా మొరగదు. తోక ముడుచుకుని, గోడవైపు చూడకుండా దాటుకుంటుంది.

పగలు చూస్తే ఏముంది, మల్లెపువ్వులాంటి తెల్లగోడ. చినుకు పడిన రాత్రి చూడాలి. ఆ తెలుపులోంచి ముందు ఒక గంప తేలుతుంది... గంప కింద చెయ్యి... చేతి పక్కన మొహం. గంపనిండా నిమ్మకాయలు. దెయ్యాన్ని తరమాలంటే నిమ్మకాయ కొయ్యాలి గదా. గంపెడు నిమ్మకాయలు తనే నెత్తిన పెట్టుకొచ్చే దెయ్యాన్ని దేంతో తరుముతారు?

తెల్లారి చూస్తే మళ్లీ ఒట్టి గోడ. ఊరు దానికి గంపమ్మ అని పేరు పెట్టింది.

దొరల కాలం నాటి ఆ మేడను పూర్వంలాగే నిలబెడతామని అప్పుడే పని మొదలుపెట్టి ఉన్నారు. వెనక గోడకు బయటివైపు పాత బొమ్మలుండేవి — పులికాట్ పడవలు, కొంగలు, సంతకు పోయే ఆడవాళ్లు. వెలిసిపోయాయని వాటిమీద సున్నం కొట్టించారు. కొత్త బొమ్మలు వేయిస్తారట. పాతదాన్ని నిలబెట్టడమంటే ఇదే కాబోలు.

ఆ సున్నం కొట్టింది మాల్యాద్రి.

మాల్యాద్రి అంటే అల్లాటప్పా మనిషి కాదు. గూడూరులో నిలబడి బ్రష్ విదిలిస్తే అంత దూరాన తడ ఊళ్లో గోడకు రంగు పడాల్సిందే. మైపాడు ఇసుకలో కొరివిదెయ్యాన్ని జుట్టు పట్టి ఆపి, దాని నోటి మంటతో బీడీ ముట్టించుకున్నవాడు. ఆయనే చెప్పాడు గనక అది అబద్ధమయ్యే సమస్యే లేదు.

కొత్త బొమ్మలు వెయ్యడానికి వచ్చినవాళ్లు గంపమ్మను చూసి బ్రష్షులు పారేసి పోయారు. మేడ పని పట్టిన కాంట్రాక్టరు నరేంద్రబాబు పరుగున వచ్చాడు.

"అన్నా, ఒక్క రాత్రి నువ్వాడ కాపలా ఉండు. ఏమీ లేదని నీ నోటితో చెప్తే జనం నమ్ముతారు."

"ఒక్క రాత్రి ఏంది బాబూ, పడక తెచ్చుకుని కాపరమే పెడతా."

రాత్రయింది. వాన లేదు. సముద్రం మీంచి ఉప్పుగాలి. మాల్యాద్రి గోడకెదురు అరుగుమీద కూర్చుని బీడీ ముట్టించాడు. ఆరిపోయింది. మళ్లీ ముట్టించాడు...

బళుక్.

ఎక్కడో నీళ్ల చప్పుడు.

బళుక్...

గోడ చివర తెల్లచీర. చేతిలో బక్కెట. ఒంగుతోంది... చెంబుతో ముంచుతోంది... గోడమీద కొడుతోంది. తడిసినచోట తెలుపు కరిగిపోతోంది. గంప వచ్చింది. చెయ్యి వచ్చింది. ముక్కుపుడక మెరిసింది — నవ్వు మొహం.

మాల్యాద్రి కాళ్లు పైకి ముడుచుకుని అరుగు మూలకు జరిగాడు.

తెల్లచీర వెనక్కి తిరగలేదు. మెల్లగా అంది —

"బీడీ వాసన వస్తా ఉంది. మాల్యాద్రన్నేనా? నేనన్నా... బొమ్మలేసే తిమోతి కూతుర్ని. అబిగయీల్ని."

పోయిన ప్రాణం తిరిగొచ్చింది. చర్చి సందులో బట్టలు కుట్టే అబిగయీలు. కాలం చేసిన తిమోతే ఆ గోడకు మొదట బొమ్మలు వేసినవాడు.

"మా అమ్మ మగ్దలీనమ్మ గూడూరు నుంచి నిమ్మకాయలు తెచ్చి అమ్మేది. నాకు ఊహ రాకముందే పొయ్యింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫొటో వరదలో పొయ్యింది. నాయన ఈడ ఏసిన బొమ్మే నాకు అమ్మ మొహం. నువ్వు సున్నం కొట్టినావు."

మాల్యాద్రి బీడీ కింద పడేశాడు.

"వానలో పోతా చూసినా. తడిస్తే కనపడతాది. అందుకే వాన లేనప్పుడు నేనే పోస్తా ఉండా."

పలచగా కొట్టిన సున్నం తడిస్తే అద్దమౌతుంది, ఆరితే మళ్లీ తెలుపు. ఊరంతా హడలిపోయిన గంపమ్మ... ఇంతే.

"కొత్త రంగు పడితే ఇంక కనపడదన్నా. ఎట్టన్నా ఆపు."

"నేనుండాను గదమ్మా. ఈ గోడమీద ఇంకొక చెయ్యి పడితే నా పేరు మాల్యాద్రే కాదు."

మనసులో ఉన్న మాటే అన్నాడు. నిజం చెప్తే నరేంద్రబాబు నవ్వేసి ఆ పూటే రంగు వేయిస్తాడు. భయం పెడితే గోడ బతుకుతుంది.

తెల్లారి చెంచయ్య టీ కొట్టు దగ్గర జనం మూగారు. "ఉండాది. ఆ గోడ జోలికి పోవద్దు" అన్నాడు మాల్యాద్రి. అంతే అన్నాడు. నరేంద్రబాబు గ్లాసు కింద పెట్టాడు.

"అట్టయితే తెల్లగా వదిలేద్దాంలే అన్నా. పాతమేడకి అదీ అందమే."

అనుకున్న పని అయిపోయింది. అక్కడితో లేచి ఇంటికి పోవాల్సింది.

"అంతేనా మాల్యాద్రీ?" చెంచయ్య టీ తిరగబోస్తూ అడిగాడు. "చూసి పరిగెత్తుకొచ్చినావా?"

మాల్యాద్రి బల్ల ఎక్కాడు. పరుగెత్తడమా? తాటిచెట్టంత ఆడది, మునగకాయలంత వేళ్లు. కుస్తీ పట్టి, కొప్పు చేతికి చుట్టి గిరగిర తిప్పితే మేడమీద పెంకులు లేచిపోయాయి. చివరికి కాళ్లమీద పడి గుట్టు చెప్పుకుంది — "నా ప్రాణం ఏడు సముద్రాల అవతల లేదయ్యా, ఈ గోడ పూతలోనే ఉండాది."

టీ కొట్టు దద్దరిల్లింది. నరేంద్రబాబు ఒక్కడే చప్పట్లు కొట్టలేదు.

"పూతలోనేనా?" అని ఫోన్ తీశాడు.

మధ్యాహ్నానికి సుత్తులు దిగాయి. మాల్యాద్రి పరుగెత్తి వచ్చేసరికి పడవలు లేవు, కొంగలు లేవు. ఎవరో బక్కెటతో నీళ్లు కొట్టి, ఎక్కడ చెక్కాలో చూసుకుంటున్నారు. మొహం ఇంకా ఉంది. నవ్వుతోంది.

"ఆపండబ్బా..."

నరేంద్రబాబు తిరిగి చూశాడు. సందంతా తిరిగి చూసింది. చెంచయ్య కూడా వచ్చి నిలబడి ఉన్నాడు.

"ఏందన్నా? పొద్దున చెప్పింది అబద్ధమా?"

ఒక్క మాట... అవును అంటే చాలు.

మాల్యాద్రి గొంతు సవరించుకున్నాడు.

"అబద్ధం చెప్పడం నా ఒంట్లో లేదు బాబూ."

సుత్తి పడింది.

ఇప్పుడు ఆ గోడ సిమెంటుది. దానిమీద పెద్ద పెద్ద కొంగలు, నిగనిగలాడే రంగులు. ప్రారంభం నాడు పూర్వవైభవం అని ఉపన్యాసాలిచ్చారు. పీడ వదిలించాడని మాల్యాద్రికి శాలువా కప్పారు.

అయినా ఉప్పుగాలి వీచే రాత్రి ఆటోవాళ్లు ఆ సందులోకి రారు. తెల్లచీర వస్తుందట... గోడకు నీళ్లు పోస్తుందట.

మాల్యాద్రి ఒక్కసారి అటు పోయాడు. బళుక్ మంది. ఆమె వెనక్కి తిరగలేదు.

"అన్నా... నీ బీడీ వాసనే గదా. రంగుల మనిషివి, నువ్వు చెప్పు. ఇంకెన్ని నీళ్లు పోస్తే కనపడతాది?"

కొరివిదెయ్యంతో బీడీ ముట్టించుకున్న మాల్యాద్రి, ఆ రాత్రి నుంచి బీడీ మానేశాడు.