కార్డు కనిపించని పావుగంట

సరుకుల లిఫ్ట్ గుంతలో శవం. ఫ్యాక్టరీ స్టోర్‌కీపర్. ముప్పై కూడా దాటలేదు.

డిటెక్టివ్ ఒక్కసారి వంగి చూసింది. రెండోసారి చూడలేదు. ఆ స్టోర్‌కీపర్ ఆమె తమ్ముడు.

లిఫ్ట్ గేటు లాక్ పాడై నెలలైంది. లేబర్ ఆఫీసులో కంప్లైంట్ పెడతానన్నాడు తమ్ముడు. పెట్టేలోపే పోయాడు.

"తనే గేటు తీసుకుని పడ్డాడమ్మా. చూసినవాళ్లు లేరు," అన్నాడు మేనేజర్.

లిఫ్ట్ ఎదురుగా కెమెరా ఉంది. రికార్డింగు మాత్రం మూడూ నలభైకి ఆగి, మూడూ యాభై ఐదుకి మళ్లీ మొదలైంది. కెమెరా వైరు వచ్చి కలిసేది మేనేజర్ గదిలో కంప్యూటర్‌కి పెట్టిన, వీడియో రికార్డు చేసే క్యాప్చర్ కార్డులో. ఆ కార్డు కంప్యూటర్‌కి ఓసారి కనిపిస్తుంది, ఓసారి కనిపించదు.

"దీనికి నేను చెయ్యని వైద్యం లేదక్కా," అన్నాడు ఆ గదిలో అప్పుడే దాన్ని మళ్లీ పనిచేయించిన కంప్యూటర్ మెకానిక్. "డ్రైవర్ మార్చాను. స్లాట్ మార్చాను. కాంటాక్టులు రబ్బరుతో రుద్దాను. నేనున్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది. గడప దాటానో లేదో, మాయం."

"తలుపు వేసుకునే పని చేస్తావా?"

"ఏసీ గది కదా. తీసి ఉంచితే సారు తిడతారు."

ఆమె మేనేజర్ వైపు తిరిగింది. పక్కనే ఎస్సై నిలబడ్డాడు.

"మూడూ నలభైకి ఎక్కడున్నారు?"

"ఇక్కడే. స్క్రీన్ నల్లబడింది. దాంతోనే కుస్తీ పడుతున్నా."

"తలుపు?"

"లోపల గడియ పెట్టుకున్నా."

"ఎవరైనా వచ్చారా?"

"పురుగు కూడా రాలేదు."

"మీరు బయటికెళ్లారా?"

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా? తలుపే తియ్యలేదు."

ఆమె లేచి తలుపు బార్లా తెరిచింది. స్క్రీన్ నల్లబడింది.

తలుపు మూసి కంప్యూటర్ రీస్టార్ట్ చేసింది. కార్డు కనిపించింది. మళ్లీ తెరిచింది. మళ్లీ నలుపు.

"వైరు తలుపు వెనకనుంచి వస్తోంది. తలుపు తెరిస్తే బిగుసుకుని కార్డును లాగుతుంది. కార్డును పట్టి ఉంచే స్క్రూ లేదు."

మెకానిక్ నాలుక కరుచుకున్నాడు. మొదటిసారి దుమ్ము దులిపిన రోజు తీసిన స్క్రూ అతని పెట్టెలోనే ఉండిపోయింది.

"తెర నల్లబడిందంటే తలుపు తెరుచుకున్నట్టే. గడియ లోపల పెట్టింది నువ్వు. మరి తీసిందెవడు?"

‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. మేనేజర్ కుర్చీలో కూలబడ్డాడు.

"కంప్లైంట్ కాగితం మొహం మీద ఊపాడు. ఒక్క తోపు తోశానంతే. గేటు తెరుచుకుంటుందనుకోలేదు."

"లాక్ పాడైందని నెలల తరబడి వాడు నీ చెవిలోనే కదరా మొత్తుకుంది?"

మేనేజర్‌ని ఈడ్చుకెళ్లి అదే గుంతలోకి తొయ్యాలని ఆమె చేతులు దురద పెట్టాయి. ఎస్సై బేడీలు వేశాడు.

"ఒక్క నిమిషం, ఎస్సై గారూ."

ఆమె కంప్యూటర్ ఆపింది. మెకానిక్ పెట్టెలోంచి స్క్రూ తీసి కార్డు బిగించింది. మళ్లీ ఆన్ చేసి, తలుపు బార్లా తెరిచింది. స్క్రీన్ వెలుగుతూనే ఉంది.

"ఇప్పుడు తీసుకెళ్లండి. లిఫ్ట్ ముందునుంచే. మెల్లగా నడిపించండి. మా తమ్ముడు పడింది రికార్డు కాలేదు. వీడు పోయేదైనా ఉండాలి."

మేనేజర్ కుర్చీ లాక్కుని స్క్రీన్ ముందు కూర్చుంది.